పందిరి మంచం నుంచి పాదుల పందిరికి
(సంఘం సభలో చదివిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణమైనది. కవులు పద్యాలు చదివినారు. ఇక మా వంతు. మేము మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారం. సాహిత్య విషయం మాకు చేతకాదు. కనుక పాత సామాను విషయం మాట్లాడుతాము. నవ్వకండి. ఉగాదికి ఇల్లు దులిపినప్పుడు ప్రతి ఇంటిలోనూ ఒక పేచీ లేస్తుంది. కాలు విరిగిన కుర్చీ, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె, ఎవరూ పడుకోని మంచం, వీటిని ఏమి చేయవలెను? ఉంచుదామంటే చోటు లేదు. అమ్ముదామంటే మనసు రాదు. ఈ రెంటికీ నడుమ మూడవ దారి ఒకటి ఉన్నది. అది పెరటి గుమ్మం గుండా పోతుంది.

నాందేడులోని తెలుగువారం అందరమూ ఒక తీరుగా వచ్చినవారం కాము. బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు ప్రాంతాల తెలుగువారు తరతరాలుగా ఇక్కడివారే. 1956 వరకు ఈ జిల్లా కూడా హైదరాబాదు రాష్ట్రంలోనిదే గదా. మా వంటివారిని తెచ్చినది రైలు. సికింద్రాబాదు నుంచి మన్మాడుకు మీటరు గేజి దారి 1900 ప్రాంతంలో పడినది. 2003 ఏప్రిల్ 1న నాందేడు డివిజన్ ఏర్పడినది. అప్పటి నుంచి బదిలీల మీద వచ్చే తెలుగు కుటుంబాలు మరికొన్ని పెరిగినవి. బదిలీ అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. మనుషులు టిక్కెట్టు మీద వస్తారు. సామాను మాత్రం లారీ కెక్కి, దారిలో ఒక కాలో చెయ్యో పోగొట్టుకొని వస్తుంది.

మా సొంత ఊరు రాజమండ్రి దగ్గర. పెద్దల ఇల్లు అమ్మి పంచుకున్నప్పుడు మా వాటాకు ఒక పందిరి మంచం వచ్చినది. ఆరడుగుల పైచిలుకు ఎత్తు కోళ్లు, పైన దోమతెర కట్టే చట్రం, తలవైపు చిలకలు చెక్కిన పలక. దానిని ఇంతదూరం తెచ్చినాము. తీరా చూస్తే మా క్వార్టరు గదిలో దానిని వేస్తే మనుషులు తిరుగ చోటు లేదు. విప్పి వరండాలో గోడకు ఆనించినాము. మూడేళ్లు అలాగే ఉన్నది. ఒక పట్టెకు చెద పట్టినది. పాత సామాను కొనేవాడు వచ్చి దానిని వంటచెరకు లెక్కన తూకం వేస్తానన్నాడు.

మా నాయనమ్మ ఆ మంచం మీదనే కన్ను మూసినది. మా నాన్నగారు పుట్టినదీ దాని మీదనే. ఆ మాట విన్న తరువాత తూకం రాయి వైపు ఎవరు చూడగలరు? అట్లని చెదలకు అప్పగించడం మాత్రం గౌరవమా? పెరటిలో బీరపాదుకు పందిరి వేద్దామని మేమన్నప్పుడు అమ్మ ఒప్పుకోలేదు. “పెద్దవాళ్ల మంచాన్ని ఎండా వానల పాలు చేస్తావుట్రా?” అన్నది. రెండు రోజులు మాటలు లేవు. మూడవ రోజున తానే వరండాలోకి వచ్చి, చెద పట్టిన పట్టెను చేతితో నొక్కి చూచినది. కర్ర పొడి పొడిగా రాలినది. “సరే, చిలకల పలక మాత్రం ఇంట్లో ఉంచు. తక్కినది నీ ఇష్టం” అన్నది. ఆ తీర్పు మాకు న్యాయంగా తోచినది. ఏది జ్ఞాపకమో అది లోపల ఉన్నది. ఏది కర్రో అది బయట పనికి పోయినది.

ఇక పని సంగతి. నాందేడు నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. ఇందులో గుంట తీసి కోడు పాతితే ఏడాది తిరిగేసరికి నాలుగు కోళ్లూ నాలుగు దిక్కులు చూస్తాయి. తడి పట్టి అడుగు కుళ్లుతుంది. అందుచేత మేము ఒకటిన్నర అడుగు లోతు గుంటలు తీసి, మొరం, కంకర వేసి దిమ్మిస కొట్టినాము. (కంకర బజారులో కొన్నది. పట్టాల కింది కంకర కాదని ఈ సభాముఖంగా మనవి.) పైన షాబాదు బండ పరచి, దాని మీద కోడు నిలిపినాము. పక్కన ఇనుప కమ్మీ పాతి, కోడును దానికి బిగించినాము. కర్ర నేలను తాకకూడదు. ఇదే మొదటి సూత్రం.

రెండవది కర్ర జాతి. టేకులోని చేవ భాగం చెదను, వానను తట్టుకుంటుంది. అదే టేకులో బయటి తెల్ల కర్ర అంత గట్టిది కాదు. మామిడి కర్ర కుర్చీలు, పలకలు అతికించిన బీరువాలు బయట పెడితే ఎక్కువ కాలం నిలువవు. కాబట్టి పని మొదలు పెట్టక ముందు చాకుతో ఒక మూల గీరి చూడవలెను. మంచిదైతే ఏటా వానలకు ముందు అవిసె నూనె ఒక పూత పూస్తే చాలును.

పై చట్రానికి తీగలు అల్లి, మృగశిర కార్తెలో బీర గింజలు పెట్టినాము. రెండు నెలలకు కాపు వచ్చినది. పక్కింటి మరాఠీ కాకూ దీనిని దోడ్కా అంటుంది. మన దొండను వారు తోండ్లీ అంటారు. దోడ్కా అంటే దొండ అనుకొని మా పిల్లలు ఇప్పటికీ తికమక పడుతూ ఉంటారు. తొలి కోతలో నాలుగు కాయలు కాకూ ఇంటికి పంపినది అమ్మే.

మంచం లేనివారు నిరాశ పడవద్దు. తుప్పు పట్టిన ట్రంకు పెట్టెకు అడుగున ఎనిమిది, పది రంధ్రాలు పొడిచి మట్టి నింపితే గోంగూరకు చక్కని మడి. ఇక్కడి సంతలో అంబాడీ అని అడిగితే దొరికేది అదే. పేము అల్లిక తెగిన కుర్చీ నడుమ కుండీ సరిగ్గా కూర్చుంటుంది. మెట్టు విరిగిన నిచ్చెనను గోడకు చేరవేస్తే తులసి, పుదీనా, కొత్తిమీర కుండీలకు అరలు అవుతాయి. నులక పోయిన మంచపు చట్రాన్ని వాలుగా నిలిపి తీగ అల్లితే చిక్కుడు పాకుతుంది.

అయితే మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, పాత రంగు. ఇళ్లకు వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదని మన దేశంలో 2016లో నియమం చేసి, 2017 నవంబరు నుంచి అమలు పరచినారు. అంతకు ముందరి రంగులో సీసం ఎంత ఉన్నదో చూచి చెప్పలేము. దానిని పొడిగా గీకి ధూళి లేపరాదు. అటువంటి సొరుగులో ఆకుకూర పెంచరాదు. పిల్లలున్న ఇంట మరీ జాగ్రత్త.

రెండు, రైలు దారి కింది పాత కర్ర స్లీపర్లు. కాంక్రీటువి వచ్చిన తరువాత పాతవి వేలంలో దొరికేవి. తోట బల్లకు భలే అందమని కొనేవారున్నారు. చాలావాటికి క్రియోసోటు నూనె పట్టించి ఉంటుంది. అది చర్మానికి, ఆరోగ్యానికి హాని. ఐరోపా సమాజం వారు 2001లోనే తోటలలోను, పిల్లల ఆటస్థలాలలోను అటువంటి కర్రను నిషేధించినారు. రైల్వేవారం మనమే ఈ మాట ముందు చెప్పవలెను.

మూడు, నిలువ నీరు. డెంగీ దోమకు మూతెడు నీరు చాలును, వారం పది రోజులలో గుడ్డు దోమ అవుతుంది. ప్రతి పెట్టెకూ రంధ్రం, ప్రతి వారం ఒక తనిఖీ.

పాత సామానుతో తోట అనగానే చండీగఢ్ తలపుకు రాక మానదు. అక్కడ నేక్ చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు 1957 ప్రాంతం నుంచి, పని వేళలు ముగిసిన తరువాత, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, పారేసిన సామాను పోగుచేసి అడవి చాటున బొమ్మల తోట కట్టినాడు. సుమారు 18 ఏళ్లు ఎవరికీ తెలియదు. స్థలం ప్రభుత్వానిది కనుక పడగొట్టవలసినదే. జనం అడ్డుపడినందున నిలిచి, 1976లో అందరి కొరకు తెరచినారు. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. మనవలె ప్రభుత్వపు చిరుద్యోగి ఆయన.

అదే ఊరు రెండవ పాఠం కూడా చెప్పినది. అక్కడి ఆఫీసుల కొరకు 1950 దశకంలో పియరీ జన్నరే అనే వాస్తుశిల్పి టేకు, పేముతో కుర్చీలు చేయించినాడు. పాతబడిన తరువాత వాటిని తుక్కు కింద వేలం వేసినారు. కొన్నవారు విదేశాలలో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర ప్రభుత్వం ఆ అమ్మకాలకు అడ్డుకట్ట వేసినది. కనుక రంపం పట్టే ముందు ఆ వస్తువు ఏమిటో, ఎవరు చేసినదో, ఇంకా కూర్చునేందుకు పనికి వస్తుందో రాదో చూడండి. బాగుచేయగలిగిన కుర్చీని కుండీ పీట చేయడం పొదుపు కాదు. ఆఫీసులో కండెమ్ చేసిన బల్ల వేలం పాటలో వచ్చేదాకా మనది కాదని వేరే చెప్పనక్కరలేదు గదా!

ఇంకొక మాట చెప్పి సెలవు తీసుకుంటాము. క్వార్టరు మనది కాదు, పెరడు మనది కాదు. రేపు బదిలీ కాగితం వస్తే పందిరి సంగతి ఏమిటని ఒక మిత్రుడు అడిగినాడు. అమ్మనే అడిగినాము. “చిలకల పలక మనతో వస్తుంది. పందిరి ఉండనీ. తరువాత వచ్చేవాళ్లు కాయలు కోసుకుంటారు” అన్నది. మా నాయనమ్మ మంచం నీడన రేపు ఏ భాషవారి పిల్లలు ఆడుకుంటారో మాకు తెలియదు. ఆడుకుంటే చాలును. పొరుగు గడ్డ మీద బ్రతికేవారం మనం వెనుక విడిచిపోగలిగినది అటువంటి నీడే గదా.

మీ ఇళ్లలో మూలపడిన సామానుకు ఈ ఏడు మళ్లీ పని దొరకవలెనని, మీ పెరళ్లు పచ్చగా ఉండవలెనని కోరుతూ, అందరికీ ఉగాది శుభాకాంక్షలు. మరాఠీ ఇరుగుపొరుగులకు గుడీ పాడ్వా శుభాకాంక్షలు.