మదీరా దీవిలో ఒక నడక

‘మదిర’ అన్న మాట మనకు కొత్తది కాదు. సంస్కృతములో అది మద్యమునకు పేరు. అట్లాంటిక్ మహాసముద్రములో, ఆఫ్రికాకు పడమటగా, పోర్చుగల్ దేశమునకు చెందిన ఒక దీవి పేరు మదీరా. ఆ దీవి పేరుపొందినదీ ద్రాక్షాసవమునకే. అయినను ఈ రెండు మాటలకు చుట్టరికమేమియు లేదు. పోర్చుగీసు భాషలో మదీరా అనగా కలప. 1419లో నావికులు అక్కడ దిగినప్పుడు కొండలనిండ అడవియే గాని మనుష్యుడు లేడు. రేవు పక్కన సోపుమొక్కలు విరివిగా ఉండుటచేత ఆ చోటికి ఫుంషాల్ అను పేరు వచ్చినది. 1508లో అది నగరమైనది.

ఆ నగరములో ఒక మార్గదర్శి వెంట కాలినడకను ఒక పూట తిరిగినాను. చివరను ఒక పాత ఆసవశాలలో రుచి చూపించుట ఆ ఏర్పాటులో భాగము. నాకు మద్యము అలవాటు లేదు. ఇచ్చిన సొమ్ము నడకకే అనుకొని బయలుదేరినాను.

తూర్పు కొసన సముద్రపు ఒడ్డున పసుపుపచ్చని సావో తియాగో కోట ఉన్నది. 1566లో ఫ్రెంచి ఓడదొంగలు ఈ నగరమును కొల్లగొట్టినారు. కోట ఆ తరువాతి శతాబ్దములో లేచినది. అక్కడినుండి శాంతా మరియా వీథి మొదలగును. నగరములోని మిక్కిలి పాత వీథులలో ఇది ఒకటి. ఇరుకుదారి, కాళ్ళ కింద గులకరాళ్ళు. 2011 మొదలు చిత్రకారులు ఇక్కడి ఇండ్ల తలుపులమీద బొమ్మలు వేసినారు. వీథి దాటగానే 1940లో తెరచిన రైతుల బజారు.

బజారు ముందు మా మార్గదర్శి ఆగి, నగరము వెనుకనున్న కొండలను చూపినాడు. నిట్రమైన ఆ కొండలనిండ మెట్లు మెట్లుగా చిన్న చిన్న మడులు. ఒక్కొక్క మడికి నల్లరాతితో పేర్చిన అడ్డుగోడ. ద్రాక్షతీగెలు పెరుగునది అట్టి మడులలోనే. వానలు ఉత్తరపు కొండలలో మెండు. దక్షిణమున నీరు తక్కువ. కావున కొండల నడుములు తొలిచి కాలువలు తీసినారు. అన్నియు కలిపి రెండువేల కిలోమీటర్లకు పైబడినవి. తొలికాలపు కాలువల పనిలో బానిసల చెమటయు కలిసినది. దారులు లేని ఆ రోజులలో మనుష్యులే మేకతోలు తిత్తులలో ద్రాక్షరసము నింపి, భుజములమీద మోసికొని కొండ దిగి నగరమునకు చేర్చెడివారు. తిత్తి ఒక్కటికి నలువది లీటర్లకు తక్కువ పట్టదు.

అక్కడినుండి అర్రియాగా రాజవీథిలోని ఆసవశాలకు వెళ్ళినాము. అటకమీద దూలాలపై పీపాలు వరుసగా ఉన్నవి. ఎండ వేడి పైకప్పునుండి దిగుచున్నది. మామూలు ద్రాక్షాసవమునకు వేడి శత్రువు. ఇక్కడ వేడియే గురువు. కారణము విచిత్రమైనది. పూర్వము ఇండియాకు పోవు ఓడలు ఈ రేవులో ఆగి పీపాలు ఎక్కించుకొనెడివి. ఉష్ణమండలపు సెగలో, అలల ఊపులో నెలల తరబడి ఉండి, అమ్ముడుపోక తిరిగి వచ్చిన పీపాలలోని ఆసవము చెడకపోగా ఎక్కువ రుచి కలిగి ఉన్నదని తెలిసినది. తరువాత కొన్ని పీపాలను కేవలము ఈ ప్రయాణము కొరకే పంపి తిరిగి తెప్పించుకొనెడివారు. దానికి మామూలు సరకుకంటె హెచ్చు వెల. ఈనాటి అటకలు ఆ ఓడ వేడికి బదులుగా ఏర్పడినవే. చౌకరకమును తొట్లలో మూడు నెలలు 45 డిగ్రీలకు పైగా కాచుదురు.

బల్లమీద నాలుగు చిన్న గ్లాసులు పెట్టినారు. సెర్సియల్, వెర్దెల్యో, బువాల్, మాల్వసియా అను నాలుగు ద్రాక్షజాతులవి. మొదటిది పొడిరుచి, చివరిది మిక్కిలి తీపి. చివరిదానిని పెదవికి తాకించి చూచినాను. పాకము పట్టిన బెల్లము, ఎండుద్రాక్ష, వాటి వెనుక సన్నని పులుపు. మిగిలిన మూడును వాసన మాత్రము చూచి ఉంచినాను.

అప్పుడు మార్గదర్శితో, “మీ ఆసవము మా దేశము చూచి వచ్చినదన్నమాట” అన్నాను.

“పీపాలు తిరిగి వచ్చినవి. మనుష్యులు రాలేదు” అన్నాడతడు.

అతడు చెప్పినది ఇది. 1834లో బ్రిటిషు గయానాలో బానిసత్వము రద్దయినది. చెరకుతోటలకు కూలీలు కావలసి, 1835 నుండి ఈ దీవివారిని ఓడలలో తీసికొనిపోయినారు. పేదరికము వారిని తరిమినది. 1850ల మొదట బూడిద తెగులు, 1872లో వేరు పురుగు ద్రాక్షతోటలను నాశనము చేసినవి. వలసలు ఆగలేదు. “మా ఇంటివారిలోను ఒకరు పోయినారట. ఏ ఓడమీదనో చెప్పగలవారు ఇప్పుడు లేరు” అన్నాడు.

నాకు మాట రాలేదు. 1838 మొదలు మన దేశపు కూలీలను తీసికొనిపోయినదీ ఆ గయానా తోటలకే. 1845 నుండి మద్రాసు రేవులోను ఓడలెక్కించినారు. ఆ ఎక్కినవారిలో తెలుగువారు కలరు. వారిలోను తిరిగి రానివారే ఎక్కువ. మదీరా రైతు, మన రైతు ఒకే చెరకుచాలులో వంగి పనిచేసి యుందురు. ఒకరి పేరు ఒకరికి పలుకుటకు నోరు తిరిగి యుండదు.

ఆ సంగతి అతనికి చెప్పినాను. అతడు కొంతసేపు ఊరకుండి, నేను ముట్టని గ్లాసులను పక్కకు జరిపి, నా ఎదుట కూర్చుండి, మీ ఊరి పేరేమని అడిగినాడు. నడక మొదలైనది మొదలు అతడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

మద్యమును పొగడుట నా ఉద్దేశము కాదు. ఊరు తిరుగకుండ ఆ గ్లాసు పట్టియుంటే అది నాకు ఉత్త మద్యమే అయి యుండును. గోడ పేర్చినవాడు, తిత్తి మోసినవాడు, ఓడ ఎక్కినవాడు తెలిసిన తరువాత అది ఒక ప్రజ కథ అయినది. మనకును కోరంగి ఉన్నది. అక్కడి రేవునుండి బర్మాకు పోయినవారు ఎందరో. ఆ దేశమున తెలుగువారికి కోరంగీలనియే పేరు పడినది. ఎవరైన మన పిల్లలను ఒక పూట ఆ ఒడ్డున నడిపించి, ఇక్కడ ఎవరు ఓడ ఎక్కినారో చెప్పవలెను. చివరను రుచి చూపుటకు గ్లాసు అక్కరలేదు. ఒక కొబ్బరిబొండము చాలును.