పైత్యం అనుకున్నది పిత్తాశయం కావచ్చు
(సోలాపూర్ మిల్లు, పవర్‌లూమ్ కార్మికుల ఆరోగ్య సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగం)



మన సభల్లో ఎప్పుడూ కూలి రేట్లు, బోనస్, ప్రావిడెంట్ ఫండు గురించే మాట్లాడుకుంటాం. ఈరోజు కడుపునొప్పి గురించి మాట్లాడుకుందాం. ఇది కూలికి సంబంధం లేని సంగతి కాదు. నొప్పి వచ్చిన రోజు సాంచాల మధ్య నిలబడలేం. నిలబడకపోతే ఆ రోజు కూలి పోతుంది. బద్లీ కార్మికుడికైతే మర్నాటి పని కూడా అనుమానమే. అందుకే మెడికల్ షాపులో ఒక గోలీ కొని మింగి షిఫ్టుకు పోతాం. అలా ఎప్పుడు పోకూడదు, ఆ సంగతి తేల్చే పరీక్ష ఏది అన్నదే ఇవాళ్టి విషయం.

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. మన తెలుగులో తల తిరిగినా, నోరు చేదైనా ‘పైత్యం చేసింది’ అంటాం. ఇక్కడి మరాఠీలో ఛాతీలో మంట పుడితే ‘పిత్త’ అంటారు. ఈ రెండు మాటలూ కలిసి, పొట్ట పైభాగంలో ఏ బాధ వచ్చినా పిత్తమే, గ్యాసే అని మనకు మనమే తీర్పు చెప్పుకుంటున్నాం. అసలు పిత్తాశయం జబ్బు ఆ పేరు చాటున దాక్కుంటోంది.

పిత్తాశయం అంటే కుడివైపు పక్కటెముకల కింద, కాలేయానికి అంటుకుని ఉండే సంచి. చిన్న పొడుగు వంకాయంత ఉంటుంది. కాలేయంలో తయారైన పైత్యరసాన్ని దాచి ఉంచుతుంది. నూనె, నెయ్యి తిన్నప్పుడు ముడుచుకుని ఆ రసాన్ని ఒక సన్నని నాళం గుండా పేగులోకి వదులుతుంది. ఆ రసం చిక్కబడి రాళ్ళు కడతాయి. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో, అందులోనూ కాన్పులు అయినవాళ్ళలో ఇవి ఎక్కువ. కనుక బీడీలు చుట్టే మన ఇళ్ళ ఆడవాళ్ళకు ఈ మాటలు మనకంటే ఎక్కువ అవసరం.

రాయి కదిలి సంచి మూతికి అడ్డం పడితే నొప్పి వస్తుంది. భోజనం చేసిన కాసేపటికి, చాలాసార్లు రాత్రిపూట, పొట్ట పైభాగంలో నడుమనో కుడివైపునో పట్టేస్తుంది. కుడి భుజం వెనక్కి పాకవచ్చు. అరగంట నుంచి కొన్ని గంటలు ఉండి తగ్గిపోతుంది. తేన్పు వచ్చినా, విరేచనం అయినా తగ్గదు. ఇలా రెండుసార్లు వస్తే మూడోసారి కోసం చూడకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

డాక్టరు మొదట రాసే పరీక్ష సోనోగ్రఫీ. మన ఊళ్ళ వైపు స్కానింగ్ అంటారు. మన చెవికి వినపడని శబ్ద తరంగాలను చర్మం మీద నుంచి లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ తీస్తారు. సూది లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. గర్భిణీలకు కూడా చేయవచ్చు. తెరమీద రాయి తెల్లగా మెరుస్తుంది, దాని వెనక నల్లటి నీడ పడుతుంది. అందుకే పక్కకు తిరగమంటారు. మనిషి తిరిగితే రాయి కదులుతుంది. కదలకుండా, నీడ లేకుండా ఉంటే అది పాలిప్ అనే కండ కావచ్చు.

సంచిలోని రాళ్ళను నూటికి 95కి పైగా ఈ పరీక్షే పట్టేస్తుంది. మామూలు ఎక్స్‌రేలో కనబడేవి నూటికి పది, ఇరవైకి మించవు. సి.టి. స్కాన్ ఖరీదు ఎక్కువైనా, సున్నం తక్కువగా ఉన్న రాళ్ళు అందులో తప్పిపోవచ్చు. ఖరీదైన పరీక్షే మంచి పరీక్ష అనుకోవద్దు.

అయితే ఈ పరీక్షకు పరగడుపున పోవాలి. కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు. నైట్ షిఫ్టు దిగి క్యాంటీన్‌లో పాల చాయ్ తాగి సోనోగ్రఫీకి పోతే పిత్తాశయం ముడుచుకుపోతుంది. రాయి సరిగా కనబడదు, గోడ లేనిపోని మందంగా కనబడుతుంది. డబ్బు, సెలవు రెండూ వృథా. డాక్టరు ఆ చోటనే యంత్రంతో నొక్కి నొప్పి ఉందా అని అడుగుతారు. నొప్పి గోలీ వేసుకుని ఉంటే ఆ నొప్పి తెలియదు. కాబట్టి గోలీ మింగిన సంగతి దాచకుండా చెప్పండి.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుందని మడిచి పెట్టేయవద్దు. నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి. ఒకటి, రాళ్ళు ఉన్నాయా. రెండు, సంచి గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటిందా. మూడు, సంచి చుట్టూ నీరు చేరిందా. నాలుగు, పైత్యరసం నాళం, అంటే రిపోర్టులో సి.బి.డి. అని రాసేది, ఉబ్బిందా. రాళ్ళకు తోడు గోడ మందమై, నీరు చేరి, నొక్కితే నొప్పి ఉంటే సంచి వాచిందని అర్థం. నాళం ఉబ్బితే రాయి జారి అందులో ఇరుక్కుందేమో చూడాలి.

నాళంలోని రాయి సోనోగ్రఫీకి చాలాసార్లు అందదు. అప్పుడు ఎమ్.ఆర్.సి.పి. రాస్తారు. అది అయస్కాంతంతో తీసే బొమ్మ. లేత్, గ్రైండింగ్ పనిలో కంట్లో ఇనుప రజను పడ్డవాళ్ళు, ఒంట్లో లోహపు పరికరం ఉన్నవాళ్ళు ముందే చెప్పి తీరాలి. సంచి పగిలిందని, చీము పట్టిందని, క్లోమం వాచిందని అనుమానం ఉన్నప్పుడు సి.టి. పనికొస్తుంది.

రాయి కనబడిందనగానే ఆపరేషన్ అని భయపడనక్కరలేదు. రాళ్ళున్నవాళ్ళలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. వేరే కారణానికి తీసిన సోనోగ్రఫీలో రాయి కనబడి, నొప్పి లేకపోతే మామూలుగా ఆపరేషన్ అవసరం ఉండదు. వెంటనే చేయించుకోమని ఎవరైనా తొందరపెడితే రిపోర్టు పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నొప్పి పదేపదే వస్తుంటే మాత్రం వాయిదా వేయవద్దు. కిడ్నీ రాయిలాగా నీళ్ళు తాగితే, పసరు మింగితే ఇది మూత్రంలో పడిపోదు. ఆ దారి వేరు, ఈ దారి వేరు. చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్‌ను మన దేశంలో మొదట 1990లో ముంబయి జె.జె. ఆస్పత్రిలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా చేశారు. ముందుగా అనుకుని చేయించుకుంటే చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరతారు. సంచి కుళ్ళిపోయాక చేస్తే పెద్ద కోత, ఎక్కువ రోజులు, ప్రాణాపాయం.

ఈ గుర్తులుంటే షిఫ్టు మధ్యలోనైనా దిగిపోవాలి: ఆరు గంటలు దాటినా తగ్గని నొప్పి, చలితో జ్వరం, కళ్ళు పచ్చబడటం, ఆగని వాంతులతో వీపులోకి పొడిచే నొప్పి. షుగరు ఉన్నవాళ్ళకు నొప్పి తక్కువగా ఉన్నా లోపల జబ్బు ముదరవచ్చు. పొట్ట పైభాగంలో నొప్పితో చెమటలు పడితే గుండెపోటు కూడా కావచ్చు, ముందు ఇ.సి.జి. తీయించాలి.

ఇక ఖర్చు. ఇ.ఎస్.ఐ. జీతం పరిమితిని 2017 జనవరిలో నెలకు 21 వేల రూపాయలకు పెంచారు. 2019 జూలై నుంచి మన చందా 0.75 శాతం, యజమాని చందా 3.25 శాతం. ఆ చందాలోనే మనకూ, మన కుటుంబానికీ డాక్టరు, పరీక్ష, ఆపరేషన్ ఉన్నాయి. తమ దగ్గర లేని పరీక్షకు వేరే ఆస్పత్రికి రాసివ్వమని అడగడం మన హక్కు. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా పడి ఉంటే, జబ్బు సెలవుకు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. పదిమంది పనిచేసే కార్ఖానాకు ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. ఒకే షెడ్డును కాగితాల మీద రెండు మూడు పేర్లతో చీల్చి పదిమందికి లోపు చూపించే యజమానులున్నారు. ఆ చీలిక ఖరీదు ఏమిటో ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడు తెలుస్తుంది. మీ షెడ్డులో అలా ఉంటే పేర్లు, హాజరు లెక్కలు యూనియన్ ఆఫీసుకు తెచ్చివ్వండి. నొప్పితో షిఫ్టు మధ్యలో దిగిన కార్మికుడికి గైర్హాజరు వేయకూడదని మనం యాజమాన్యాలను కోరుతున్నాం.

ఈ సభ నుంచి వెళ్ళాక రెండు పనులు చేయండి. ఇ.ఎస్.ఐ. కార్డులో భార్యాపిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. పాత సోనోగ్రఫీ రిపోర్టులు ఇంట్లో ఉంటే పారేయకుండా ఒక ఫైలులో పెట్టండి. రేపు రాయి పెరిగిందా, గోడ వాచిందా అని డాక్టరు చెప్పగలగాలంటే నిన్నటి కాగితం కావాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!