సమాజశాస్త్రము – మన పిల్లల చదువు
(ఎర్రగడ్డలో జరిగిన వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



మన పిల్లలలో నెవరైనను బి. ఏ. యందు సోషియాలజీ యనెడి సమాజశాస్త్రమును ప్రధానవిషయముగాఁ జదువుదుననినచో, "వీనిని ఎర్రగడ్డకుఁ బంపవలె" నని యింటివారే పరిహసింతురు. ఈ పేటయందలి మానసిక చికిత్సాలయమును బట్టి పుట్టిన మాట యది. ఆ యెర్రగడ్డయందే నిలిచి, ఆ చదువు పక్షమున రెండు మాటలు విన్నవించెదను.

శాస్త్రము శాసించునదియు, శంసించునదియు నని పెద్దలు నిర్వచించిరి. ధర్మశాస్త్రము "ఇట్లు నడువుఁడు" అని శాసించును. సమాజశాస్త్రము "జను లిట్లు నడుచుచున్నారు, కారణ మిది" యని శంసించును. అనఁగా నున్నది యున్నట్లు తెలుపును. జీవితమంతయు మొదటిదానినే బోధించిన నాకు రెండవదాని విలువ యాలస్యముగాఁ దెలిసెను.

నగరసమీపమందలి శామీరుపేట గ్రామమును ఉస్మానియా విశ్వవిద్యాలయమునకుఁ జెందిన శ్యామాచరణ దూబేగారు తోడివారితోఁ బరిశీలించి, 1955లో "ఇండియన్ విలేజ్" అను గ్రంథమును బ్రకటించిరి. ఏ కులమువారి కే వృత్తి, ఎవరి చేతి కూడు ఎవరు ముట్టుదురు అనునవి యం దోపికతో వ్రాయఁబడినవి. మనము సిగ్గుపడి దాఁచుకొనునదియే యచట విద్య యైనది.

ఫ్రాన్సుదేశీయుఁడైన దుర్ఖైము 1897లో ఆత్మహత్యలనుగూర్చి వ్రాయుచు, అవి కేవలము వ్యక్తి మనోవ్యథచేఁ గలుగునవి కావనియు, సంఘబంధము సడలినచోట హెచ్చుననియుఁ జూపెను. 2019లో తెలంగాణమున ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన పిమ్మట 20 మందికిఁ బైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. అది పిల్లల దౌర్బల్యమని తీర్పు చెప్పుట సులభము. మార్కులకును కుటుంబగౌరవమునకును ముడివేసిన వారెవరని యడుగుట కష్టము. అడుగుటకు శిక్షణము వలయును.

ఈ చదువు కూడు పెట్టునా యందురు. అధ్యాపకవృత్తి కలదు, సివిల్ సర్వీసు పరీక్షలలో నిది యైచ్ఛికవిషయము. 2024 నవంబరులో ఈ రాష్ట్రమున నింటింటఁ గులవివరములు సేకరింపఁబడినవి. లెక్క తీయుట యొకటి, దాని యర్థము చెప్పుట యొకటి. అర్థము చెప్పువారు మనలోఁ గూడ నుండవలదా?

కావున దాతలకు నా ప్రార్థన: మన సంఘ మొసంగు విద్యార్థివేతనములలో నొకటైనను ఈ చదువునకుఁ గేటాయింపుఁడు. ఆ విద్యార్థి తిరిగి వచ్చి, "మన సంఘ మెవరిని జేర్చుకొన్నది? పేదబంధువు లీ వేదికపై నేల కానరారు?" అని ప్రశ్నింపవచ్చును. అపుడు కోపింపకుఁడు. వెచ్చించిన ధనము సార్థకమైనదని యెఱుఁగుఁడు.