ట్యాంకు అను మాట



అజీజ్‌నగర్‌లో ఇంటి మిద్దెమీది నల్లని పీపాను చూపి ఇదేమని అడిగినచో చిన్నపిల్లవాడైనను "ట్యాంకు" అని చెప్పును. మోటారు బండిలో పెట్రోలు పోయు చోటును ట్యాంకే. హైదరాబాదునకు పోయి హుస్సేన్‌సాగరు కట్టమీద నిలిచినచో అది ట్యాంకుబండు. యుద్ధభూమిలో ఫిరంగి మోయు ఇనుప శకటమును ట్యాంకే. ఒక్క మాట ఇన్ని వేషములు వేయుట వింతగా తోచును గాని, పుట్టుక తెలిసినచో ఆ వింత కొంత తీరును.

ఇది ఇంగ్లీషువారి సొంత సొత్తు కాదు. 17వ శతాబ్దిలో వర్తకమునకై పశ్చిమ తీరమున దిగిన ఆంగ్లేయులు, అచటి గుజరాతీలు, మరాఠీలు నేలలో కట్టిన నీటి తొట్టిని టాంకుం, టాంకే అనుట వినిరి. అంతకు ముందే అచట కాపురమున్న పోర్చుగీసువారికి కొలనును తెలుపు మరియొక మాట ఉండెను. అదియు చెవికి ఇంచుమించు ఇట్లే వినిపించును; నీటిని అడ్డగించుట అను అర్థముగల మాటనుండి పుట్టినదందురు. ఈ రెంటి చిక్కును 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్ పండితులు చర్చించిరి. మన తటాకమే ట్యాంకైనదని కొందరు ఉత్సాహముతో చెప్పుచుందురు. ధ్వని పోలినంత మాత్రమున బంధుత్వము సిద్ధింపదు.

యుద్ధపు ట్యాంకు కథ వేరు. మొదటి ప్రపంచ సంగ్రామమున బ్రిటిషువారు ఆ శకటమును రహస్యముగా నిర్మించుచు, ఇవి నీళ్లు మోయు తొట్లని పైకి చెప్పిరి. 1916 సెప్టెంబరు 15న అవి సోమ్ రణరంగమున దిగెను. రహస్యము పోయినది, మారుపేరు నిలిచినది.

మనకు ముఖ్యమైనది చెరువు సంగతి. తెలుగువానికి చెరువు వేరు, కుంట వేరు, కొలను వేరు, మడుగు వేరు. ఇంటి నీటికి గోలెము, గాబు, హౌజు ఉన్నవి. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప చెరువులును, నాలుగెకరములు పారు కుంటయును దొరల దస్త్రములో ఒక్క "ట్యాంకే" అయినవి. గుమాస్తాకు సులువే, ఆ సులువునకు మన మాటలు మూల్యమైనవి.

ఈ గ్రామము రెండు జలాశయముల నడుమ నున్నది. 1908లో మూసీ వరద నగరమును ముంచిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలపై మూసీకి అడ్డముగా ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీకి అడ్డముగా హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వీనిని రిజర్వాయర్లందురు గాని, నీటి నిండుమట్టమునకు మాత్రము "ఫుల్ ట్యాంకు లెవెల్" అనియే వ్రాయుదురు. ఉస్మాన్‌సాగరునకు అది 1790 అడుగులు, హిమాయత్‌సాగరునకు 1763.5 అడుగులు. 1996లో వెలువడిన 111వ సంఖ్య జీవో, ఆ మట్టమునుండి 10 కిలోమీటర్ల లోపల కర్మాగారములు, పెద్ద కట్టడములు మొదలగు వానిని నిషేధించెను. ఆ 84 గ్రామములలో అజీజ్‌నగరు ఒకటి. 2022లో 69వ జీవో ఆ ఆంక్షలను సడలించెను.

నేడు భూమి కొనువాడును అమ్మువాడును "ఎఫ్.టి.ఎల్. లోపలనా, వెలుపలనా" అని అడుగుచుందురు. ఆ మూడక్షరములలో నడిమిది ఈ ట్యాంకే. ఆ గీత లోపలి నేల ఎండకాలమున పొలమువలెనే కనబడును. వానలు నిండుగా కురిసిన ఏట అది చెరువు.