ఎండ అందరిదీ – ఆదాయం కూడా అందరిదీ కావాలి
(మేడారంలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సౌర విద్యుత్తు వల్ల రాష్ట్రం ఎట్లా బాగుపడుతుందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని అడిగారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం, ఇంజనీర్లం కాము. అయినా ఇంటి జమాఖర్చు తెలిసిన ప్రతివారూ ఆలోచించవలసిన విషయమిది.

మేడారం ఒకప్పుడు వరంగల్ జిల్లాలోది, 2019 నుండి ములుగు జిల్లాలోది. రెండేళ్లకొకసారి సమ్మక్క సారలమ్మ జాతర వస్తే ఈ అడవి రాత్రి కూడా పగలులా ఉంటుంది. జాతర వెళ్లిపోయాక చుట్టుపక్కల గూడేలలోని కోయ రైతు మళ్లీ వాన కోసం ఆకాశం వైపు చూడవలసిందే. ఇది ఏటూరునాగారం అభయారణ్య ప్రాంతం. అడవిలో స్తంభాలు పాతి తీగ లాగాలంటే ఖర్చూ ఎక్కువే, అనుమతులూ కావాలి. అదే పొలంలో నాలుగు సోలార్ ప్లేట్లు నిలబెడితే తీగతో పని లేకుండా మోటారు నడుస్తుంది. పగలు ఎండ ఉన్నంతసేపు నీళ్లు పారుతాయి.

ఈ ఆలోచనతోనే 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రభుత్వం ‘ఇందిర సౌర గిరి జల వికాసం’ ప్రారంభించింది. అటవీ హక్కుల పట్టాలున్న 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాలకు, 12,600 కోట్ల రూపాయలతో, ఐదేళ్లలో నీళ్లివ్వాలని లక్ష్యం.

దీనివల్ల రాష్ట్రానికి లాభమేమిటని అడగవచ్చు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. రైతుకు ఉచితమే గాని ఖజానాకు ఉచితం కాదు కదా! ఆ సొమ్ము ప్రతి ఏడూ ప్రభుత్వమే విద్యుత్ సంస్థలకు కట్టాలి. ఎండతో నడిచే ప్రతి మోటారూ ఆ భారాన్ని కొంత తగ్గిస్తుంది. వానపంట ఒక్కటే తీసే భూమిలో రెండో పంట వస్తే కూలికి పని, బజారుకు బేరం దొరుకుతాయి. అయితే నీరు తోడడానికి ఖర్చు లేదని అదేపనిగా తోడితే భూగర్భ జలం అడుగంటుతుంది. ఆ కట్టుబాటు కూడా ఉండాలి.

మరి బొగ్గు మీద బతికే కుటుంబాల మాటేమిటి? భూపాలపల్లి దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. సింగరేణిలో వేలాది ఇళ్లకు అన్నం దొరుకుతోంది. వాటిని రేపే మూయమని ఎవరూ అనరు. కాని సింగరేణి సంస్థే సౌర కేంద్రాలు కట్టుకుంటున్నది. రామగుండం ఎన్.టి.పి.సి. తన జలాశయం నీటి మీదనే ప్లేట్లు పరిచి 2022లో 100 మెగావాట్ల కేంద్రం పూర్తి చేసింది. బొగ్గు సంస్థలే ముందుచూపుతో నడుస్తుంటే మనం వెనుకబడడం తగదు.

తెలంగాణ ప్రభుత్వం 2025 విధానంలో 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్లు కావాలన్నది. ఆంధ్రప్రదేశ్ 2024 విధానం 10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకున్నది. అంకెలు ఘనంగానే ఉన్నాయి. ఫలం ఎవరి చేతికి వస్తుందన్నదే మా ప్రశ్న.

కర్ణాటకలో తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న పావగడ తాలూకాను చూడండి. అక్కడ 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర పార్కు కట్టారు. ప్రభుత్వం భూమి కొనలేదు, ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసుకున్నది. కరువు నేలకు ఇది మేలే. భూమి రైతు పేరు మీదనే ఉంది, కౌలు చేతికి వస్తున్నది. కాని ఆ పొలాలలో కూలి చేసుకున్న భూమిలేని వారికి కౌలు రాదు, కూలీ పోయింది. మన వాళ్లలో భూమి ఉన్నవారెందరు? ఎక్కువమందివి రెక్కల కష్టం మీద నడిచే సంసారాలే గదా!

కాబట్టి భూమి లేనివాడికి ఇందులో వాటా రావాలంటే పని నేర్వాలి. ప్లేట్లు బిగించడం, ఇనుప చట్రం వెల్డింగు, మోటారు వైండింగు, తీగల కలుపు – వీటిలో సగం పని మన పోరగాళ్లకు ఇదివరకే వచ్చు, లేనిది సర్టిఫికెట్టే. ఐ.టి.ఐ. చదివినవారికి కేంద్రం 2015లో మూడు నెలల ‘సూర్యమిత్ర’ శిక్షణ మొదలుపెట్టింది. ఉర్దూ మీడియంలో పదో తరగతి పాసై దరఖాస్తు నింపలేక ఆగిపోయే పిల్లలను మేము ప్రతి సంవత్సరం చూస్తున్నాము. ఆ కాగితం నింపి పెట్టడం, పిల్లవాణ్ణి ఐ.టి.ఐ. గుమ్మం దాకా తీసుకుపోవడం మన సంఘం చేయగల పని.

ప్రభుత్వాన్ని మనం రెండు కోరాలి. ఏటూరునాగారం ఐ.టి.డి.ఏ. పరిధిలో బిగించే మోటార్ల మరమ్మతు పని ఈ ప్రాంతపు గిరిజన, మైనారిటీ యువకులకే నేర్పి అప్పగించాలి. మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల కేంద్రాలు పెట్టిస్తామన్న సర్కారు మాటలో మన అక్కచెల్లెళ్ల సంఘాలకూ చోటుండాలి.

రాష్ట్రం సంపద పెరగడమంటే మెగావాట్ల లెక్క పెరగడం ఒక్కటే కాదు. గూడెంలో రెండో పంట, బస్తీలో ఒక కుర్రవాడికి నెల జీతం కనబడితేనే అది పెరిగినట్లు. ఈ మాటను తీర్మానంగా రాసుకొని, వచ్చే సమావేశం నాటికి ఎంతమంది పిల్లలు పనిలో కుదిరారో లెక్క చెప్పుకుందామని మనవి చేస్తున్నాము.