మన హవల్దారు గారు
(సంతాప సభలో చేసిన ప్రసంగ పాఠం)



తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గురించి మీకు చెప్పనక్కరలేదు. తరతరాలుగా సైన్యానికి జవాన్లను పంపిన ఊరు గనుక మిలిటరీ మాధవరం అంటారు. వారిదీ ఆ ఊరే. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యంలో చేరారు. 1971లో తూర్పు సరిహద్దున ఉన్నారు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. ఆ రోజు ఏం చేశారని అడిగితే, "బతికే ఉన్నానని ఇంటికి ఉత్తరం రాశానండీ" అనేవారు. అంతే.

పదిహేనేళ్ల సర్వీసు తర్వాత మన ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరారు. వారి పే ఫిక్సేషన్ ఫైలు నా సీటుకు వచ్చింది. మాజీ సైనికుల కోటాలో వచ్చిన మనిషే కదా, ఆగితే ఏమైందని ఏడు నెలలు పక్కన పెట్టాను. ఒక్కసారి కూడా అడగలేదు. ఆ నెలల్లోనే అప్పు చేసి చెల్లెలి పెళ్లి చేశారని తర్వాత తెలిసింది.

రిటైరయ్యాక వారి శ్రీమతికి పక్షవాతం వచ్చింది. పదకొండేళ్లు అన్నీ తామే చూసుకున్నారు. ఒకనాడు నేను వెళ్లేసరికి ఆమెకు జడ వేస్తున్నారు. "ఇది రిలీవరు లేని డ్యూటీ అండీ" అని నవ్వారు.

ఆ ఫైలు సంగతి చెప్పి క్షమాపణ అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అదీ ఆలస్యమే చేశాను. ఈ రోజు వారి పిల్లల ముందు చెప్పుకుంటున్నాను.

వారి ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థిస్తూ, సెలవు.