కంటిపాప తెరిచే చుక్క



ఎల్.వి. ప్రసాద్ గారు పుట్టిన సోమవరప్పాడు మన పెదపాడు వాళ్లకి పరాయి ఊరు కాదు. దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా'లోనూ, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ నటించిన ఆయన, తర్వాత కంటి ఆసుపత్రి కోసం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారి సారథ్యంలో హైదరాబాదులో ఆ సంస్థ మొదలైంది. ప్రసాద్ గారి స్మృతిలో మాట్లాడమంటే సినిమా కబుర్లు చెబుతాననుకుని ఉంటారు. కానీ కంటి పరీక్షకి వెళ్లినవాళ్లంతా విసుక్కునే, కంటిపాపని తెరిచే ఆ చుక్కల మందు కథ చెబుతాను.

దాని మూలం మన పుంతల పక్కన పెరిగే ఉమ్మెత్త లాంటి మొక్కల్లో ఉంది. శివుడికి పెట్టే ఈ పువ్వుకి వంగ, మిరప, పొగాకు దగ్గరి చుట్టాలు. ఉమ్మెత్త పీకిన చేత్తో కన్ను నలుపుకుంటే ఆ ఒక్క కంటిపాపే పెద్దదైపోతుంది. అది చూసి మెదడుకేదో అయిందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. నిజానికి పాపని ముడిచే కండరానికి నరం పంపే కబురుని ఆ రసం అడ్డుకుంటుంది, అంతే.

ఐరోపాలో ఇదే కుటుంబానికి చెందిన బెల్లడోనాతో 1800 ప్రాంతంలో జర్మన్ వైద్యుడు కార్ల్ హిమ్లీ పాపని పెద్దది చేసి చూశాడు. 1819లో రుంగే అనే కుర్ర రసాయనవేత్త, బెల్లడోనా రసం వేసిన పిల్లి కన్నుని మహాకవి గేథేకి చూపించాడు. ముచ్చటపడ్డ గేథే కాఫీ గింజలిచ్చి వీటినీ పరీక్షించమన్నాడట. అలా కెఫీన్ బయటపడింది! 1831లో మైన్ అనే మందుల తయారీదారు బెల్లడోనాలో పాపని తెరిచే అట్రోపిన్‌ని వేరుచేశాడు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరం కనిపెట్టాడు. దానితో బాగా చూడాలంటే పాప తెరుచుకోవాలి. అయితే అట్రోపిన్ వేస్తే వారం, ఒక్కోసారి రెండు వారాలు వెలుతురు భరించలేరు, దగ్గరి అక్షరం కనపడదు. పరీక్ష కోసం అంత శిక్ష ఎవరు భరిస్తారు? 1880 ప్రాంతంలో వచ్చిన హోమట్రోపిన్ దాన్ని ఒకటి రెండు రోజులకి దించింది. 1950ల నాటి ట్రోపికమైడ్ అయితే అరగంటలో పాపని తెరిచి, నాలుగు నుంచి ఆరు గంటల్లో వదిలేస్తుంది. తెరవడం ఉమ్మెత్తకే తెలుసు. శాస్త్రవేత్తల కష్టమంతా త్వరగా మూసుకునేలా చేయడంలోనే ఉంది.

అట్రోపిన్ మాత్రం మూలపడలేదు. వరిచేలకి కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి పోతే కంటిపాపలు సూదిమొనంత అవుతాయి; అప్పుడు ప్రాణం నిలిపే ఇంజెక్షన్ అదే. పిల్లల్లో దూరపు చూపు తగ్గిపోయే జబ్బుని నెమ్మదింపజేయడానికి ఇప్పుడు బాగా పల్చన చేసి చుక్కలుగా వేస్తున్నారు.

1996 నుంచి 2000 దాకా ప్రసాద్ గారు స్థలమిచ్చిన ఆ కంటి సంస్థవాళ్లు హైదరాబాదుతో పాటు ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, అప్పటి మన పశ్చిమ గోదావరి పల్లెల్లో 10,293 మందిని పరీక్షించారు. పాప తెరిచి లోపలికి చూడటం అందులో ముఖ్యభాగం. అంధత్వం 1.84 శాతం, అందులో 44 శాతానికి శుక్లాలు, 16 శాతానికి కళ్లజోడు లేకపోవడమే కారణం.

నా మాట ఒకటే. షుగరున్నవాళ్లు చూపు బాగానే ఉందని ఊరుకోకండి. రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో తెలియదు. ఏడాదికోసారి ఆ చుక్కలు వేయించుకోండి. ఇంట్లో నీటికాసులు ఉన్నవాళ్లుంటే వేయకముందే డాక్టరుకి చెప్పండి. ఆ రోజు బండి నడపొద్దు, వెంట ఒకరిని తీసుకెళ్లండి.